కలివికోడి – డాక్టర్ జెర్డన్

కొల్లేటి చెంత పుట్టి పెరిగిన మనకు పక్షులు క్రొత్త కాదు. ఏలూరు నుండి కైకలూరు వెళ్ళే దారిలో చలికాలపు ఉదయాన ఎటు చూచినా చేపల చెరువుల గట్ల మీద కొంగలు బారులు తీరి ఉంటవి. ఆటపాక వద్ద అటవీశాఖవారు నీటిలో నిలిపిన ఇనుప మంచెల మీద గూడబాతులు గూళ్ళు కట్టుకొని, సంచివంటి ముక్కులతో పిల్లలకు చేపలు తెచ్చి పెడుతుంటవి. నిత్యమూ కంటబడే వాటిని గురించి ఎవరూ ప్రత్యేకముగా విచారించరు. మన ప్రాంతపు పక్షుల నడవడిని, వాటికి మన ప్రజలు పెట్టుకొన్న పేర్లను మొట్టమొదట గ్రంథస్థము చేసిన వారెవరన్న ప్రశ్న మాకు కూడా మొన్న మొన్నటి వరకు కలుగలేదు.

జీవశాస్త్రము చదివే విద్యార్థులందరికీ డార్విన్ పేరు కంఠస్థమే. దక్షిణ అమెరికా తీరమునకు సుమారు వెయ్యి కిలోమీటర్ల దూరాన, పసిఫిక్ మహాసముద్రములో ఉన్న గాలపగోస్ ద్వీపములకు ఆయన 1835 సెప్టెంబరులో చేరినారు. పాఠ్యపుస్తకములలో అక్కడి ఫించ్ పిట్టల ముక్కుల బొమ్మలు తప్పక ఉంటవి. కాని ఆయన మనస్సులో మొదటి సందేహమును రేపినది ఫించ్ పిట్టలు కావు, మాకింగ్‌బర్డ్ అనే పిట్టలు. బూడిదవన్నె ఒళ్ళు, పొడవైన తోక, మనిషిని చూచి బెదరని స్వభావము గల ఆ పిట్ట ఒక్కొక్క ద్వీపములో ఒక్కొక్క తీరుగా ఉండటము డార్విన్ గమనించినారు. ఆ ద్వీపములలో ఫ్లోరియానా అనేది ఒకటి. ఆయన అక్కడ చూచిన జాతి, ఎలుకలూ పిల్లులూ మేకలూ ఓడలలో వచ్చి చేరిన పిమ్మట ఆ శతాబ్దములోనే ఆ ద్వీపము నుండి మాయమై, ప్రక్కనున్న రెండు చిన్న దిబ్బల మీద మాత్రమే మిగిలినది. ఇదంతా మనము దూరపు కథగా చదువుకొంటాము. ఇటువంటి కథే మన ఆంధ్రదేశములోనూ ఉన్నదనీ, అందులో ప్రధాన పాత్ర ఒక వైద్యునిదనీ మాకు ఆలస్యముగా తెలిసినది. అందుకే ఈ వ్యాసమునకు పూనుకొన్నాము.

థామస్ కావెర్‌హిల్ జెర్డన్ 1811 అక్టోబరు 12వ తేదీన ఇంగ్లండులోని డర్హమ్ ప్రాంతాన జన్మించినారు. ఆయన వంశము స్కాట్లండుది. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయములో చదువుకొన్నారు. అక్కడ రాబర్ట్ జేమ్సన్ అనే ఆచార్యుని ప్రకృతిశాస్త్ర తరగతులకు హాజరయినారు. ప్లీనియన్ సంఘమని విద్యార్థులు నడుపుకొనే ప్రకృతి పరిశీలక సంఘమొకటి ఉండేది, దానిలోనూ సభ్యులయినారు. అదే విశ్వవిద్యాలయములో, అదే ఆచార్యుని వద్ద, అదే సంఘములో డార్విన్ కూడా ఉండి, వైద్యవిద్య మీద మనస్సు నిలువక 1827లో వెళ్ళిపోయినారు. జెర్డన్ చేరినది ఆ మరుసటి సంవత్సరము. ఒకరు విడిచిన బెంచీ మీద మరొకరు కూర్చున్నట్లు అయినది. డార్విన్ వలె కాక జెర్డన్ వైద్యవృత్తిని స్వీకరించి, ఈస్ట్ ఇండియా కంపెనీ కొలువులో సహాయ వైద్యునిగా చేరి 1836 ఫిబ్రవరిలో మద్రాసు రేవులో దిగినారు. డార్విన్ మాకింగ్‌బర్డ్ చర్మములను పెట్టెలో పెట్టుకొని అప్పటికింకా ఓడ మీదనే ఉన్నారు.

జెర్డన్‌ను మొదట గంజాం ప్రాంతమునకు పంపినారు. అక్కడ సైనికులకు వచ్చిన జ్వరములకూ, రక్తగ్రహణికీ చికిత్స చేయటము ఆయన పని. తరువాత అశ్వికదళముతో దక్కను అంతటా తిరిగినారు. దళము ఎక్కడ గుడారములు వేస్తే అక్కడి పిట్టలను ఆయన పరిశీలించేవారు. ఆ కాలములో పరిశీలించటమంటే తుపాకితో కొట్టటము, చర్మము ఒలిచి దూది కుక్కి భద్రపరచటము. దూరదర్శినితో చూచి వదలిపెట్టే పద్ధతి అప్పటికి లేదు. ఈ మాటను దాచి ఆయనను పొగడటము మాకు ఇష్టము లేదు. అయితే చంపిన పక్షి చర్మముతో సంతృప్తి చెందక, బ్రతికి ఉన్నప్పుడు అది ఏమి తిన్నది, ఎచ్చట గూడు కట్టినది, దానిని ఆ ఊరివారు ఏమని పిలిచేవారు అని అడిగి వ్రాసుకొన్న కొద్దిమందిలో ఆయన ఒకరు. 1839, 1840 సంవత్సరములలో మద్రాసు సాహిత్య విజ్ఞాన పత్రికలో ఆయన ప్రకటించిన దక్షిణభారత పక్షుల పట్టికలో 420 జాతులు ఉన్నవి. అప్పటికి ఆయనకు ముప్పది ఏండ్లు నిండలేదు.

1841లో ఫ్లోరా మెక్లియడ్‌ను వివాహమాడినారు. ఆమె వృక్షముల చిత్రములు వేయుటలో నేర్పరి. కొంతకాలము నీలగిరులలో గడిపిన పిమ్మట జెర్డన్ నెల్లూరుకు సివిల్ సర్జనుగా వచ్చినారు. ఆంధ్రదేశమునకు ఆయనతో ఏర్పడిన గట్టి బంధము ఇదే. నెల్లూరులో ఆయనకు గురువులు యానాదులు. ఏ పొదలో ఏ పాము ఉంటుంది, ఏ పుట్టలో ఏ చీమ ఉంటుంది, ఏ పిట్ట ఏ మాసములో గ్రుడ్లు పెడుతుంది అన్నది వారికి తెలిసినట్లు ఏ కళాశాలకూ తెలియదు. దక్షిణభారతపు చీమలను గురించి 1851లో ఆయన ప్రకటించిన వ్యాసము నేటికీ ఆ శాస్త్రజ్ఞులకు ఆధారముగా ఉన్నది. ఎగిరి దూకి ఎరను పట్టే పెద్ద కండ్ల చీమకు శాస్త్రీయ నామము పెట్టినది ఆయనే. ఆ యానాదుల పేర్లు మాత్రము ఆయన పుస్తకములలో లేవు.

చిత్రకారుల విషయములో పరిస్థితి కొంత మేలు. 1843 నుండి 1847 వరకు ఆయన వెలువరించిన సచిత్ర పక్షిగ్రంథములో ఏబది ఫలకములు ఉన్నవి. పెక్కు బొమ్మలు భారతీయ చిత్రకారులు వేసినవే. కొన్ని ఫలకములను రాతి అచ్చుకు ఎక్కించిన వ్యక్తిగా కృష్ణరాజు అనే పేరు ఇంగ్లీషు అక్షరములలో కనిపిస్తున్నది. పేరునుబట్టి చూస్తే తెలుగువాడేమో అని మాకు ఆశ.

ఆయన ముఖ్యకృతి అయిన భారతదేశపు పక్షుల గ్రంథము 1862, 1864 సంవత్సరముల మధ్య కలకత్తాలో అచ్చయినది. గవర్నర్ జనరల్ కానింగ్ ప్రభువు జెర్డన్‌ను మిగిలిన విధుల నుండి తప్పించి ఈ గ్రంథరచనకే నియమించినారు. వెయ్యికి పైగా జాతుల వర్ణన అందులో ఉన్నది. హిమాలయముల నుండి కన్యాకుమారి వరకు గల పక్షులన్నింటినీ ఒక చోట చేర్చి, గుర్రము మీద తిరిగే ఉద్యోగి సంచిలో పట్టేటట్లు వ్రాసిన మొదటి గ్రంథము అది. ఈ సంపుటములు ఇప్పుడు ఇంటర్‌నెట్‌లో ఉచితముగా లభిస్తున్నవి. మేము కొన్ని పుటలు అచ్చు తీసుకొని, ఒక శనివారము మధ్యాహ్నము కళాశాల గ్రంథాలయములో కూర్చుని చదివినాము.

ఆ మధ్యాహ్నమును గురించి కొంచెము చెప్పవలసి ఉన్నది. ప్రతి పక్షి వర్ణనకు ముందు లాటిన్ పేరు, దాని క్రింద దేశభాషలలోని పేర్లు, అన్నీ ఇంగ్లీషు లిపిలో. మాలో ఉర్దూ మాతృభాషగా గలవారు హిందుస్తానీ పేర్లను, తెలుగువారు తెలుగు పేర్లను పైకి చదివినాము. హుద్‌హుద్ అనగానే ఒక వైపువారు గుర్తుపట్టినారు, కుకుడుగువ్వ అనగానే రెండవ వైపువారు. బుల్‌బుల్ అంటే పిగిలిపిట్ట. మన వైపు గిజిగాడు అని పిలిచే పిట్టకు హిందుస్తానీలో బయా అనీ, తెలుగులో పసుపుపిట్ట అనీ వ్రాసి ఉన్నది. ఒకే చెట్టు మీది పిట్టను ఇన్నాళ్ళు రెండు పేర్లతో పిలుస్తూ, అది ఒకటే అని తెలియక కూర్చున్నవారము మేము! నూటయేబది సంవత్సరముల క్రిందటి పరదేశి ఒకడు మా ఇరువురి పేర్లనూ ఒకే వరుసలో ప్రక్క ప్రక్కన వ్రాసి ఉంచినాడు. ఈ పేర్ల సేకరణలో ఆయనకు వాల్టర్ ఎలియట్ వంటి మిత్రుల సహాయము ఉన్నది. ఎలియట్ 1845 నుండి 1854 వరకు ఉత్తర సర్కారులకు కమిషనరు. మన ఏలూరు ఆ సర్కారులలోనిదే. 1859లో తెలుగు చెట్ల పేర్లతో ఒక పుస్తకము కూడా ఆయన ప్రకటించినారు. డార్విన్ అడిగితే మన దేశపు పావురముల చర్మములను పంపినది కూడా ఆ ఎలియటే.

డార్విన్‌కు జెర్డన్ నుండి అందినది అంతకన్న విలువైనది. మన మెట్ట చేలలో పూరేడు అనే చిన్న పిట్ట ఉన్నది. దానిలో ఆడపిట్టే పెద్దది, దాని గొంతు మీద నల్లమచ్చ ఉంటుంది. ఆడపిట్టే కూస్తుంది, ఆడపిట్టే మరొక ఆడపిట్టతో పోరాడుతుంది. మగపిట్ట గ్రుడ్లు పొదిగి పిల్లలను సాకుతుంది. దక్షిణదేశపు పిట్టలు పట్టేవారు ఈ రహస్యమును ఎరిగి, పెంపుడు ఆడపూరేడును పంజరములో పెట్టి చేలో ఉంచేవారు. దాని కూత విని చుట్టుప్రక్కల ఆడపిట్టలు కయ్యానికి పరుగెత్తుకొని వచ్చి ఉచ్చులో చిక్కేవి. ఒక్క దినములో పన్నెండు నుండి ఇరువది దాకా పట్టేవారట. చిక్కినవన్నీ దాదాపు ఆడవే. ఈ సంగతులను జెర్డన్ వ్రాసినారు. 1871లో వెలువడిన మానవ సంతతి గ్రంథములో, స్త్రీపురుష భేదములు తారుమారైన పక్షులను చర్చిస్తూ డార్విన్ జెర్డన్ పేరు చెప్పి ఈ ఉదాహరణను గ్రహించినారు. ఉచ్చు వేసినవాని తెలివి ఆ విధముగా లండను చేరినది. చేరినప్పుడు దాని మీద రెండు పేర్లు ఉన్నవి, మూడవది లేదు.

గూడబాతుల విషయము మనకు మరింత దగ్గరిది. కర్ణాటక ప్రాంతములో, అనగా ఆనాటి మద్రాసు రాజధానిలోని తూర్పు తీర భూములలో, ఒక ఊరి నడుమ చెట్ల మీద గూడబాతులు తరతరాలుగా గూళ్ళు కట్టుకొంటూ, క్రింద మనుష్యులు తిరుగుతున్నా లెక్కచేయక ఉండటము జెర్డన్ స్వయముగా చూచినారు. అటు తరువాత చాలాకాలమునకు, 1946లో, కేరళకు చెందిన పక్షిశాస్త్రజ్ఞుడు కె.కె. నీలకంఠన్ మన పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు గ్రామములో సరిగ్గా అటువంటి దృశ్యమును కనుగొని 1949లో లోకమునకు తెలిపినారు. ఆనాడు అక్కడ ఇంచుమించు 3,000 గూడబాతులు ఉండేవి. తాడేపల్లిగూడెం, భీమవరం ప్రాంతముల వృద్ధులకు ఊరిలో గూడబాతులు ఉండటము వింత కాదన్న సంగతి మాకు అప్పుడు అర్థమయినది. ఆ స్థావరము 1975 ప్రాంతములో అంతరించినది. కొల్లేరు 1999లో పక్షి సంరక్షణ కేంద్రమయినది, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యము గల రామ్‌సార్ స్థలముల జాబితాలో చేరినది, 2006లో అక్రమ చెరువుల గట్లను ప్రభుత్వము తెగగొట్టించినది. గూడబాతులు చెట్లను విడిచి ఇప్పుడు ఇనుప మంచెలకు అలవాటు పడినవి.

ఇక కలివికోడి.

జెర్డన్ నెల్లూరు, కడప ప్రాంతముల కొండల నుండి ఒక పిట్ట చర్మమును సంపాదించి కలకత్తాలోని ఎడ్వర్డ్ బ్లైత్‌కు అందజేసినారు. బ్లైత్ 1848లో దానిని క్రొత్త జాతిగా ప్రకటించినారు. సుమారు జానెడు పొడవు, గోధుమవన్నె ఒళ్ళు, రొమ్ము మీద రెండు అడ్డుపట్టీలు, గొంతు మీద ఎరుపు కలిసిన మచ్చ, పెద్ద కండ్లు. నేల మీద పరుగెత్తే పిట్ట అది. ఇంగ్లీషులో దానికి జెర్డన్ పేరే పెట్టినారు. ప్రపంచములో తూర్పు కనుమల చెంతగల పెన్నా, గోదావరి లోయల ప్రాంతములలో తప్ప మరెక్కడా అది కనబడలేదు. సముద్రము నడుమ ద్వీపము వలెనే, ముళ్ళపొదల అడవి దానికి ఒక ద్వీపము. పొలము, ఊరు, కాలువ దానికి సముద్రము.

1871 ప్రాంతములో గోదావరి లోయలో భద్రాచలము వైపు కొన్ని పిట్టలు దొరికినవి. 1900లో అనంతపురం ప్రాంతములో ఒకటి కనబడినది. ఆ తరువాత ఏమీ లేదు. ఇరువదవ శతాబ్దములో పలుమార్లు పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు వెదకి విసిగినారు. అంతరించినదనే పెక్కుమంది భావించినారు. 1985లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘము తిరిగి అన్వేషణ ఆరంభించినది. ఈసారి ఊరూరా బొమ్మ చూపించి, పిట్టలు పట్టేవారిని విచారించినారు. కడప జిల్లా రెడ్డిపల్లి సమీపాన 1986 జనవరిలో స్థానికుడైన ఒక వేటగాడు రాత్రివేళ దీపపు వెలుగులో ఆ పిట్టను పట్టి తెచ్చినాడు. ఎనుబదియారు సంవత్సరముల పాటు కనబడని పిట్ట! శాస్త్రజ్ఞులు పగటిపూట వెదకినారు. అది రాత్రిపూట తిరిగే పిట్ట. అడవిలో రాత్రివేళ తిరిగే మనిషిని అడగటానికి అంతకాలము పట్టినది.

జెర్డన్ గ్రంథములో ఆ పుటను మేము ఆ శనివారము మరల మరల చదివినాము. రాళ్ళు గల ఎగుడుదిగుడు నేల, పలుచని పొదల అడవి, చిన్న చిన్న గుంపులు, ఎప్పుడైనా ఒక దీనమైన కూత – అన్నీ ఉన్నవి. రాత్రి అన్న మాట లేదు. ఇంత శ్రద్ధాళువు ఈ ఒక్క సంగతిని ఎట్లు విడిచినారు? పిట్టను తెచ్చి ఇచ్చినవారిని అది ఏ వేళ దొరికినదని ఆయన అడగలేదేమో. అడిగి, వ్రాయటము అవసరమని తలచలేదేమో. మాలో కొందరు ఆయన పక్షము వహించినారు. వెయ్యి జాతులను గురించి వ్రాసే ఒక్క మనిషి చేతిలో ఒక ముక్క జారిపోవటము వింత కాదన్నారు. మరికొందరు, పేర్లు అడిగినవాడు వేళ కూడా అడగవలసినదే గదా అన్నారు. ఈ వివాదము తీరలేదు. మా మట్టుకు మాకు రెండవ పక్షమే ఎక్కువ న్యాయముగా తోచినది, అయినను ఆయన మీద గౌరవము తగ్గలేదు.

జెర్డన్ 1868లో ఉద్యోగ విరమణ చేసినారు. దానికి ముందటి సంవత్సరమే క్షీరదముల గ్రంథము ముగించినారు. సకశేరుకములన్నింటినీ వరుస సంపుటములుగా తేవలెనన్న ఆయన సంకల్పము ఆయన చేతిమీదుగా పూర్తి కాలేదు. విరమణ తరువాత కూడా ఇంటిముఖము పట్టక అస్సాము వైపు తిరిగి, గౌహతిలో జ్వరముపాలయి, 1870లో ఇంగ్లండు చేరినారు. 1872 జూన్ 12న లండను సమీపాన అప్పర్ నార్‌వుడ్‌లో కన్నుమూసినారు. అప్పటికి ఆయన వయస్సు అరువది. ముప్పదినాలుగేండ్లు మన దేశములో గడిపినవాడు.

రెడ్డిపల్లిలో దొరికిన పిట్ట కొద్ది దినములకే చనిపోయినది. దాని నివాసమును కాపాడుటకు 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడినది. తరువాతి పరిశోధకులు తుపాకులు తీసుకొనిపోలేదు. పొదల నడుమ నేలను చదును చేసి మెత్తని మట్టిని పట్టీలుగా పరచి, తెల్లవారిన తరువాత వచ్చి దాని మీది కాలిగుర్తులను చదివినారు. పొదలు మరీ దట్టమైనా, మరీ పలుచనైనా కలివికోడి నిలువదని ఆ గుర్తులవలననే తెలిసినది. పశువులు మేసే పద్ధతి మారినా, వంటచెరకు కొట్టటము ఎక్కువైనా దాని ఇల్లు చెడుతుంది. 2005లో తెలుగుగంగ కాలువ త్రవ్వకము దాని నివాసములోనికి వచ్చినది, వివాదము చెలరేగిన పిమ్మట కాలువ దారి మళ్ళించినారు. కాలువ నీళ్ళ విలువ డెల్టావాసులమైన మనకు ఒకరు చెప్పనక్కరలేదు, కనుక కడప రైతును నిందించే అర్హత మాకు లేదు. ఆ పిట్ట ఇప్పటికీ అత్యంత ప్రమాదస్థితిలో ఉన్న జాతుల జాబితాలోనే ఉన్నది. దాని గ్రుడ్డు ప్రపంచములో ఒక్కటే గుర్తింపబడినది. కోలారు బంగారు గనుల ప్రాంతమున 1917 ప్రాంతములో సేకరించిన ఆ గ్రుడ్డు, స్కాట్లండులోని ఆబర్డీన్ విశ్వవిద్యాలయపు మ్యూజియములో ఉన్నదని 2013లో జన్యుపరీక్ష వలన రుజువయినది.

ఆ పుటలో ఈ పిట్టకు జెర్డన్ వ్రాసుకొన్న తెలుగు పేరు మాకెవరికీ పూర్తిగా పట్టుబడలేదు. మొదటి మాట అడవి అన్నంత వరకు మాత్రము తెలిసినది. కలివిపొదల మాటున ఉండేది కనుక కలివికోడి అన్న పేరు ఆయన వ్రాయలేదు. మా అచ్చుప్రతి అంచున ఆ పేరును ఒకరు తెలుగులోను, మరొకరు ఉర్దూలోను వ్రాసినారు. ప్రతి ఇప్పుడు గ్రంథాలయములో జీవశాస్త్రపు బీరువాలో ఉన్నది.